పంపని హోరు

ఆ ఆదివారం సిరిసిల్లలో నేను చేయవలసిన పనులు ఇవి:

బాపు చెవుల్లో గుబిలి తీయించాలి.
నా పాత ఫోన్లో ఉన్నవన్నీ తుడిచి ఆయనకు ఇవ్వాలి.
ఇయర్‌ఫోన్లకు ఆయన చెవుల్లో పట్టే రబ్బరు ముక్కలు ఏరాలి.
చెవిలో హోరు ఏ శ్రుతిలో ఉందో ఆయన చేతనే పట్టించాలి.
ఆట నేర్పాలి.
ఓడిపోవడం నేర్పాలి.

చివరిదే అన్నిటికన్నా కష్టమనుకున్నాను.

మా నాన్నను మేము బాపు అంటాం. పేరు దూస అంబదాస్. ఆయన పని సాంచాల మీద. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. పెళ్లికి ముందు భివండిలో, తర్వాత సిరిసిల్లలో, ఆయన బతుకంతా రేకుల షెడ్డులో ఆ చప్పుడు మధ్యే గడిచింది. పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకే మా వాడకట్టులో ఇళ్లలో కూడా గట్టిగానే మాట్లాడుకుంటారు. నేను హాస్టల్లో చేరిన కొత్తలో, మీ ఇంటివాళ్లు ఎప్పుడూ కొట్లాడుకుంటారా అని నా స్నేహితురాళ్లు అడిగేవారు.

కొంతకాలంగా సాంచాలు ఆగినా ఆయన చెవుల్లో హోరు ఆగడం లేదు. ఎవడో ఈల పెట్టి తీసేయడం మర్చిపోయాడని నవ్వేవాడు. నవ్వేవాడే గాని నిద్రపోయేవాడు కాదు. అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని ఎటో చూసేవాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. హైదరాబాదులో నాకు ఉద్యోగం వచ్చిన ప్రయోగశాల సరిగ్గా ఈ జబ్బు మీదే పనిచేస్తోంది. మందు సిద్ధమై రోగుల మీద పరీక్షలు మొదలవగానే బాపు పేరు రాయించాను. ఇంత చదివించినవాళ్లకు ఆ మాత్రం చేయకపోతే ఎందుకనిపించింది.

"బాపూ, ఫ్యాను చప్పుడు ఇనవడుతుందా?" అని అడిగాను.

ఆయన తలెత్తి చూశాడు. "నువ్వడిగినంక ఇనవడుతుంది."

చెవి వినడం మానలేదని, మనసే దాన్ని పక్కన పెట్టిందని చెప్పాను. ఈ హోరును కూడా అలాగే పక్కన పెట్టేటట్టు మనసుకు అలవాటు చేయడమే మా మందు. దాన్ని మాత్రగా ఇవ్వలేం. రోజూ శ్రద్ధగా చేయవలసిన సాధన అది. అందుకని దాన్ని ఫోన్లో ఆడే ఆటగా తయారుచేశాం. ఆట పేరు 'మచ్చిక'.

ముందుగా తెర మీది గీతను జరిపి హోరు శ్రుతిని పట్టాలి. బాపు కళ్లు మూసుకుని వేలు పైకీ కిందికీ జరిపి ఒక చోట ఆపాడు. ఇదేనన్నాడు. ఆయన చెవిలో మాత్రమే ఉన్న చప్పుడును మొదటిసారి అమ్మా నేనూ విన్నాం. సన్నటి, ఊపిరి తీసుకోని చప్పుడు. అమ్మ ఇయర్‌ఫోన్ తీసి కింద పెట్టేసింది.

"ఇంత కాలం గిది ఇనుకుంటనే తిన్నవా, పన్నవా?" అంది.

తెర మీద ఆ చప్పుడు ఒక జీవిగా మారింది. కళ్లు లేని తెల్లటి చేప, గాలిలో ఈదుతోంది.

ఏ చప్పుడునైనా ఫోనుకు వినిపించి జీవిగా పట్టి, ఆటలోని దొడ్డిలో ఉంచుకోవచ్చు. చెవికి ఎంత బాగా తెలిసిన చప్పుడైతే జీవికి అంత బలం. సాంచా చప్పుడు ఇనుప పీతగా వచ్చింది. కుక్కరు ఈల పొట్టి ఏనుగైంది. అమ్మ వంటింట్లోంచి ఎప్పుడూ పిలిచే పిలుపు, "ఏమయ్యో, సల్లగైతుంది రా" అన్నది, ఎర్రటి పెద్ద పక్షిగా వచ్చి తెరంతా రెక్కలు చాచింది. దాని బలం తెల్ల చేప బలంతో సమానంగా ఉంది. అది గద్దలా ఉందని అమ్మ అలిగింది. మేకలు కాసినట్టు ఇక ఫోన్లో జీవాలను కాస్తావా అని బాపును ఎగతాళి చేసింది. నేను "బాపూ" అని పిలిచిన పిలుపును కూడా ఆయన పట్టాడు. అది చిన్న జింక. చూడడానికే చిన్నది, బలంలో పక్షికి ఏమీ తీసిపోదు.

పోటీలో ఇద్దరి జీవులు ఎదురెదురుగా నిలబడతాయి. ఒక చెవిలో మన చప్పుడు, రెండో చెవిలో ఎదుటివారి చప్పుడు. పైనుంచి పడే చుక్కలను తాళం తప్పకుండా తాకుతుండాలి. తప్పినకొద్దీ మన చప్పుడు సన్నగిల్లుతుంది. పూర్తిగా ఆగిన క్షణాన మన జీవి నడుచుకుంటూ ఎదుటివారి దొడ్డిలోకి వెళ్లిపోతుంది. ఆ సన్నగిల్లడంలోనే మందంతా ఉంది. మొదట్లో యంత్రంతో ఆడించాం, గుణం నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఎదురుగా నిజంగా మరో మనిషి ఉన్నాడని, అతని చేతిలో ఓడిపోతున్నామని తెలిస్తేనే మనసు ఆ చప్పుడును వదిలేస్తోంది. అందుకని రోగులకూ రోగులకూ మధ్య పోటీలు పెట్టాం. సరిజోడు ఉండాలి కాబట్టి బలం సమానంగా ఉన్న జీవులనే ఆట ఎదురెదురుగా నిలుపుతుంది.

రోజూ చేపను పంపి కావాలని ఓడిపోవాలని, హోరు ఒక్క ఓటమితో పోదు కాబట్టి మళ్లీ మళ్లీ పట్టి మళ్లీ మళ్లీ ఓడాలని, ఒక్క రోజు కూడా మానొద్దని గట్టిగా చెప్పాను.

బాపు అంతా విని అడిగాడు. "ఓడినంక గిది యాడికి పోతది బిడ్డా?"

"ఎదుటోళ్ల దొడ్లెకు."

"ఎదుటోళ్లంటే మనుషులేనా?"

"మనుషులే బాపూ. నీలాంటోళ్లే."

ఆయన తల ఊపాడు. బస్సుకు టైమైందని నేను లేచాను.

*

ప్రయోగశాలలో ఆ రోజులు సంతోషంగా గడిచాయి. మా పెద్ద డాక్టర్ వసుంధర మేడం ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. ఆవిడ కూడా గోడ మీది ఫలితాల పటం చూసి చాయ్ తెప్పించారు. హోరు తగ్గిందని చాలామంది ఫోన్ చేసి చెప్పేవారు. కొందరికి మాత్రం పోయినట్టే పోయి మళ్లీ మొదలయ్యేది. జబ్బు తిరగబెట్టినట్టు రాసుకుని, వాళ్లకు ఇంకొన్నాళ్లు ఆడమని చెప్పేవాళ్లం.

ఆడుతున్నావా అని నేను బాపును అడిగేదాన్ని. రోజూ ఆడుతున్నానని, రోజూ ఓడుతున్నానని చెప్పేవాడు. హోరు తగ్గిందా అంటే, తగ్గుతుందిలే, నువ్వు రంధి పడకు అనేవాడు. తర్వాత ఫోను అమ్మకు ఇవ్వమంటే ఇచ్చేవాడు. మనిషి ఏదో తీరుగా అవుతున్నాడని అమ్మ అనేది. ఏ తీరని అడిగితే చెప్పలేకపోయేది.

సెలవు పెట్టి వెళ్లాను. పట్టపగలు, వాడకట్టంతా సాంచాలు ఆడుతున్నాయి. బాపు ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పనికి పోలేదేమని అడిగితే, సాంచాలు ఆగాయి కదా, కరెంటు లేదేమో అన్నాడు. ఆ చప్పుడుకు నా అరికాళ్ల కింద నేల అదురుతోంది. ఆయన ముఖంలో వేళాకోళం లేదు.

షెడ్డు సేటు ఆయనను సాంచాల మీది నుంచి తీసేశాడని అమ్మ చెప్పింది. దారం మోసే నాడె తడబడితే చప్పుడును బట్టి పరుగెత్తి ఆపే మనిషి, గుడ్డ చిరిగిపోతున్నా దాని ముందే నిలబడి చూస్తున్నాడట. ఇప్పుడు ఆడవాళ్లతో కలిసి నూలు కండెలు చుడుతున్నాడు.

వంటింట్లో కుక్కరు ఈల వేసింది. ఆయన కదలలేదు. వాన మొదలై రేకుల మీద దబదబ పడింది. చేయి బయటికి చాపి, అది తడిశాక గాని వానని తెలుసుకోలేదు. అయినా నేను మెల్లగా అడిగిన ప్రతి మాటకూ జవాబు చెబుతున్నాడు.

అమ్మ గడపలోకి వచ్చి పిలిచింది. "ఏమయ్యో, సల్లగైతుంది రా."

ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. అమ్మ మళ్లీ పిలిచింది, తర్వాత వచ్చి భుజం మీద చేయి వేసింది. ఆయన ఉలిక్కిపడి తిరిగి, అమ్మ పెదవుల వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. అందరి మాటలూ వినిపిస్తాయి, నాది ఒక్కటే వినిపించదు అంది. ఆ మాట కూడా ఆయనకు వినపడలేదు.

ఫోను తీసుకుని దొడ్డి తెరిచాను. ఖాళీ. పీత లేదు, ఏనుగు లేదు, ఎర్ర పక్షి లేదు, నేను వెళ్లాక ఆయన పట్టిన వాన చప్పుడు కూడా లేదు. తెల్ల చేప, జింక పిల్ల మాత్రం ఉన్నాయి. చేపను ఒక్కసారి కూడా పోటీకి పంపలేదు.

"ఎందుకు బాపూ?" అన్నాను.

ఆయన చెప్పడానికి సిగ్గుపడ్డాడు. తర్వాత చెప్పాడు.

"పిల్లలకు దిష్టి దిగదీసి నిమ్మకాయ, మిరపకాయలు మూడు బాటల కాడ ఏస్తరు సూడు. మా అవ్వ గట్ల ఎయ్యనిచ్చేది కాదు. మన పిల్లది మంచిగైతది, తొక్కినోని పిల్లకు సుట్టుకుంటది అని ఇంట్ల పొయిల ఏసి కాల్చేది. ఇది గూడ గంతే గద బిడ్డా. ఓడితె ఎదుటోని దొడ్లెకు పోతదని నువ్వే జెప్పినవ్. నా హోరు దీస్కపోయి ఒకని నెత్తిన ఎట్ల పెడుదు? అందుకే మంచియే ఇచ్చిన. రోజూ ఓడుమన్నవ్, ఓడిన."

బొమ్మ మాత్రమే పోతుందని, హోరు ఎవరికీ పోదని చెప్పాను. అలా ఎవరికీ అంటుకోదని నొక్కి చెప్పాను. ఆయన నా మాట కాదనలేదు, నమ్మనూ లేదు.

అమ్మ పిలుపును ఇచ్చేముందు ఆమెను అడిగాడట. ఇన్నేళ్లు విన్నావు, చాలదా, ఎవరింట్లోనైనా పిలవనియ్యి అని అమ్మ నవ్విందట. ఆ సంగతి అమ్మే చెప్పింది. నా గొంతు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నన్ను అడగలేదు కాబట్టి.

అమ్మ మాట్లాడుతుంటే ఆయనకు ఏమి వినిపిస్తుందని అడిగాను. ఆమె పెదవులు కదిలినంతసేపూ హోరే వినిపిస్తుందన్నాడు. ఆమె నోట్లోంచే వస్తున్నట్టుంటుందన్నాడు.

*

మామూలు చప్పుళ్లతో ఎవరైనా ఓడితే ఏమవుతుందో మేము పరీక్షించలేదు. మిగతా రోగులందరూ చెప్పినట్టే హోరునే పంపారు. మామూలు చప్పుడుకు ఒక్క ఓటమి చాలునని, ఒక్క పిలుపు ఓడినా ఆ గొంతంతా పోతుందని బాపు వల్లే తెలిసింది. ఆ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు, మాటల్లో మాటగా బాపు నిమ్మకాయ మాట కూడా మేడంకు చెప్పాను. ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి, జబ్బు తిరగబెట్టిందని రాసుకున్నవాళ్ల వివరాలు తెమ్మన్నారు.

తిరగబెట్టిన హోరు వాళ్ల పాత హోరు శ్రుతిలో లేదు. ఒక్కొక్కరిదీ తీసి, వాళ్లు పోటీలో ఓడించిన మనిషి హోరు పక్కన పెట్టి విన్నాం. రెండూ ఒకటే. ఓడినవాడి మనసు విడిచిపెట్టడం నేర్చుకున్నదాన్ని గెలిచినవాడి మనసు పట్టుకోవడం నేర్చుకుంది.

"ఓడినవాళ్లకి ఎలా ఉందో అడిగాం, సౌజన్యా," అన్నారు మేడం. "గెలిచినవాళ్లని అడగాలని తోచనేలేదు."

ఆ రోజే పోటీలు ఆపించారు. ఆడినవాళ్లందరికీ జరిగింది చెప్పడం మొదలుపెట్టాం. ఎర్ర పక్షిని గెలిచిన మనిషికి నేనే ఫోన్ చేశాను. పేరు యోహాను, నిజాంపట్నంలో ఐసు ఫ్యాక్టరీ మిషన్ల దగ్గర పనిచేసి చెవులు పాడుచేసుకున్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు.

నేను అడగకముందే ఆయనే మొదలుపెట్టాడు. "అమ్మా, నన్నెవరో ఆడమనిషి అన్నానికి పిలుస్తందండి. మా వైపు మాట కాదు. ఫోను పక్కన పడేసినా పిలుస్తది. మొదట భయమేసి ప్రార్థన పెట్టించాను. ఇప్పుడు..."

ఆగాడు.

"ఇప్పుడు పిలిస్తే లేచెళ్లి వొండుకుంటన్నానండి. అంతకుముందు పొయ్యి ముట్టించేవాణ్ని కాదు."

అది మా అమ్మ గొంతని చెప్పాను. మా బాపుకు ఇప్పుడు ఆమె మాట వినపడడం లేదని చెప్పాను. ఒకరి ఇంటి సొమ్ము తనకొద్దని, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి ఓడిపోతానని అన్నాడు.

*

ఆ ఒక్క పోటీకి మేడం అనుమతి తెచ్చారు. అమ్మనూ బాపునూ ప్రయోగశాలకు తీసుకొచ్చాను. యోహాను ఉతికిన చొక్కా వేసుకుని, ఎండు రొయ్యల పొట్లం తెచ్చాడు. పొట్లం అమ్మ చేతికిచ్చి ఆమె ముఖం వంక చూడలేక తల దించుకున్నాడు. అమ్మ రెండు చేతులా తీసుకుంది.

బాపూ ఆయనా చెవుల సంగతులు చెప్పుకున్నారు. అక్కడ ఐసు మిషన్లు, ఇక్కడ సాంచాలు. మీ దగ్గర చేపలకు ఐసు పెడతారు, మా చెవుల్లో పెట్టినా బాగుండేదని బాపు అంటే యోహాను నవ్వాడు. అప్పుడు అమ్మ గది అవతల నుంచి టిఫిన్ డబ్బా మూత తీస్తూ, అలవాటు కొద్దీ పిలిచింది.

"ఏమయ్యో, సల్లగైతుంది రా."

యోహాను లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు. బాపు కూర్చున్నచోటే కూర్చుని, ఈయన ఎందుకు లేచాడోనని నా వైపు చూశాడు. అమ్మ చేతిలో మూత అలాగే ఉంది. యోహానుకు తెలిసొచ్చి, తప్పు చేసినవాడిలా వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

పక్షికి సరిజోడు కావాలి. చేపను పెట్టమని బాపుకు చెప్పాను. యోహాను ఓడిపోతానని మాట ఇచ్చాడు, భయం లేదన్నాను.

"చెయ్యి జారదా?" అన్నాడు బాపు. "ఆయన చెయ్యి జారి గెలిస్తే? చేప ఆయనకు పోతది. ఒద్దు బిడ్డా. నీ గొంతు పెట్టనా? అడుగుతున్న. నా బిడ్డ గొంతు గెలుస్తది."

చేపే నయమని మేడం నాకు సైగ చేశారు. చదువు కూడా అదే చెబుతోంది. కాని ఆయన అడగకుండా తీసుకునే మనిషి కాదు. అడిగాడు. నేను సరేనన్నాను.

జింకా పక్షీ ఎదురెదురుగా నిలబడ్డాయి. బాపు తాళం తప్పకుండా చుక్కలు తాకుతున్నాడు. సాంచాల మీద ఆడిన వేళ్లు అవి. యోహాను చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పక్షి రెక్కలు ముడుచుకుంటూ వచ్చింది. ఆయన చెవిలో అమ్మ పిలుపు సన్నగిల్లుతోందని ఆయన ముఖంలోనే కనిపించింది. ఇంకొక్క ఊపిరి సేపు ఆగితే అయిపోయేది.

ఆయన కళ్లు తెరిచాడు. వేళ్లు తెర మీదికి వెళ్లాయి. కన్నీళ్లు కారుతున్నా ఒక్క చుక్క తప్పకుండా తాకాడు, మునిగిపోయేవాడు తాడు పట్టుకున్నట్టు. ఆ వేగానికి బాపు తడబడ్డాడు. జింక ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, నడుచుకుంటూ అవతలికి వెళ్లిపోయింది.

"బాపూ," అన్నాను.

ఆయన నా పెదవుల వైపు చూస్తున్నాడు.

యోహాను అమ్మ కాళ్ల మీద పడబోయాడు. ఆగిపోతుంటే ఊరుకోలేకపోయానమ్మా అన్నాడు. అమ్మ ఆయనను పట్టుకుని లేపింది. మళ్లీ ఆడదామని, ఈసారి చేతులు కట్టేయమని ఆయన బతిమాలాడు. పక్షికి సరితూగేది బాపు దగ్గర ఇక చేప ఒక్కటే. చేపను పెట్టమని అందరం బాపుకు కాగితం మీద రాసి చూపించాం. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, చేయి అడ్డంగా ఊపాడు.

షెడ్డులో మాట వినపడనప్పుడు చేసే సైగలు ఉంటాయి. దారం తెగింది, కండె అయిపోయింది, చాయ్‌కి పోదాం, ఇవన్నీ. ఇప్పుడు మా ఇంట్లో అమ్మా నేనూ వాటితోనే బాపుతో మాట్లాడతాం. "నీకు ఎట్లుంది" అనడానికి షెడ్డులో సైగ లేదు. మేమే ఒకటి కల్పించుకున్నాం. ఆయన నవ్వి, బాగుందని చేయి ఊపుతాడు. మేము సైగ చేస్తున్నంతసేపూ ఆయన చెవుల్లో ఏముంటుందో మాకు తెలుసు.

యోహాను ఫోన్ చేస్తుంటాడు. ఇప్పుడు ఇద్దరు పిలుస్తున్నారని, పెద్దావిడ అన్నానికి, చిన్నమ్మాయి ఊరికే అని చెబుతాడు. చిన్నమ్మాయి పిలిచినప్పుడు కూడా పలుకుతాడట. అంతా విని ఫోన్ పెట్టేస్తాను.

మా పరీక్షల్లో చేరిన మిగతావాళ్లందరూ మేము చెప్పినట్టే చేశారు, తమ హోరును ముక్కూ ముఖం తెలియనివాళ్లకు పంపారు. వాళ్ల తప్పేమీ లేదు. అది ఇంకా ఎవరెవరి చెవుల్లో తిరుగుతోందో మాకు పూర్తిగా తెలియదు. ఈ కథ చదువుతున్న మీ చెవిలో ఒకనాడు కారణం లేకుండా సన్నటి హోరు మొదలైతే, ఎవరిదో మీకు చేరిందేమోనని అనుమానం రావచ్చు. అప్పుడు ఒక్క మనిషిని తలుచుకోండి. ఆయన తనది ఎవరికీ పంపలేదు. పేరు దూస అంబదాస్, సిరిసిల్ల, సాంచాల పని. గుర్తుంచుకోండి.